విల్లో పొద మీది ఎర్ర పట్టీ

ఓస్‌గ్రెండ్,
మార్చి 9, సోమవారం

తమ్ముడు ఐలిఫ్‌కు,

అక్క గున్‌వోర్ దీవెనలు. నువ్వెక్కిన పడవకూ, నీ పక్కన నిలబడి వల లాగేవాళ్ళకూ దేవుని శాంతి తోడుండాలి. ఇక్కడ నేను క్షేమం. కుడి మోకాలు మాట వినడం లేదు, మిగతావన్నీ వింటున్నాయి. చలి మైనస్ పద్నాలుగు. మంచు ఈసారి వంటింటి కిటికీ అంచు దాకా వచ్చింది. గుడి మెట్ల మీద పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పార పట్టాల్సి వస్తోంది. కొత్త పాస్టరు గారు దక్షిణాది మనిషి, ప్రసంగం మంచిగానే చెబుతారు, కాని పాటలు మరీ పొడుగ్గా ఎంచుకుంటారు.

ఫోను చేస్తే నా పేరు చూసి నువ్వు ఎత్తవు. తప్పు పట్టడం లేదు. అందుకే కాగితం తీశాను. అసలు మాట ముందే రాసేస్తాను. పై నాలుగు పంక్తులు చదివి పొయ్యిలో పడేసినా సరే, ఆ మాట మాత్రం నీకు అందాలి.

ఐలిఫ్, నువ్వు అబద్ధం చెప్పలేదు. విల్లో పొదకు ఎర్ర పట్టీ నువ్వు కట్టావు. దాన్ని తీసేసింది నేను.

ఇప్పుడు ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నేనే చెప్పాను.

ఇక వరసగా రాస్తాను. కొంత నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ రాస్తే తప్ప నాకు చెయ్యి కదలదు.

రెండేళ్ళ కిందట, ఈస్టరు ముందరి మట్టల ఆదివారం మర్నాడు, గడ్డకట్టిన సరస్సు మీది శీతాకాలపు దారికి బర్చ్ కొమ్మలు పాతింది నువ్వు. పదేసి మీటర్లకు ఒక కొమ్మ. పొగమంచులో ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనబడాలి, అదే కదా లెక్క. వాగు వచ్చి సరస్సులో కలిసేచోట అడుగున నీరు పారుతూనే ఉంటుంది, పైన మంచుగడ్డ పలచన. అందుకని దారి అక్కడికి చేరకముందే ఎడమకు తిరిగి గట్టెక్కాలి. సరిగ్గా ఆ మలుపు దగ్గర నీ బండి మీద కొమ్మలు అయిపోయాయి. గట్టు మీది విల్లో పొదకు ఎర్ర ప్లాస్టిక్ పట్టీ ఒకటి కట్టావు. కొమ్మలు తరువాత తెచ్చి పాతుదామనుకున్నావు. ఈలోగా దారుల సంఘం పెద్ద స్వేర్రె నిన్ను రెండు రోజులు ఉత్తరపు దారికి పంపాడు. గురువారం పొద్దున నువ్వు కొమ్మలు కట్టుకుని బయలుదేరేసరికి పొగమంచు దిగిపోయింది. నీకంటే ముందు అన్‌ఫిన్, అతని తొమ్మిదేళ్ళ కూతురు లీవె ఆ దారిన వెళ్ళారు. మలుపు కనబడలేదు. తిన్నగా పోయారు. గడ్డ విరిగింది.

పిల్ల బతికింది. అన్‌ఫిన్ కూడా బతికాడు. ఎడమ పాదం వేళ్ళు మూడు ఆసుపత్రిలో తీసేశారు.

సంఘం సమావేశంలో నువ్వు లేచి, పొదకు పట్టీ కట్టాను అన్నావు. వెళ్ళి చూసినవాళ్ళు పొద మీద ఏమీ లేదన్నారు. గాలికి ఊడిందేమోలే అని స్వేర్రె నీకొక సందు ఇచ్చాడు. నువ్వు అందులో దూరలేదు. నేను కట్టిన ముడి ఊడదు అన్నావు. అక్కడితో అందరికీ ఒళ్ళు మండింది. నువ్వు తాగడం మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. ఊరికి ఆ ఎనిమిది నెలలు గుర్తు రాలేదు, అంతకుముందు ఎనిమిదేళ్ళు గుర్తొచ్చాయి. వాడసలు మలుపు దాకా వెళ్ళే ఉండడు, ఏ రాతి చాటునో సీసా ఖాళీ చేసుకుని వచ్చి కథ అల్లుతున్నాడు అన్నారు.

నేను ఆ మాట అనలేదు. కాని ఇంటికొచ్చాక వంటింట్లో నీ ఎదురుగా కూర్చుని, తమ్ముడూ, ముందు దేవుడి దగ్గర ఒప్పుకో, తరువాత మనుషుల దగ్గర ఒప్పుకోవడం తేలికవుతుంది అన్నాను. నువ్వు నా ముఖం చూసి, అక్కా, నువ్వు కూడానా అన్నావు. అంతే. పొద్దుటి బస్సుకు వెళ్ళిపోయావు. ఆ తరువాత రెండు క్రిస్మసులకు రెండు కార్డులు. వాటి మీద నీ పేరు తప్ప ఇంకో అక్షరం లేదు.

మంగళవారం

నిన్న అక్కడ ఆపేశాను. అంత్యక్రియలకు గంట కొట్టే పని వచ్చింది. మిల్లు దగ్గరి ముసలమ్మ, తొంభై నాలుగేళ్ళు. నిద్రలోనే వెళ్ళింది.

ఇక నా చెత్త సంగతి.

మట్టల ఆదివారం తరువాతి బుధవారం నేను ఏటా ఆ దారిన చెత్త ఏరుతూ వెళ్ళడం నీకు తెలుసు. ఈస్టరుకు పట్నంవాళ్ళు వచ్చేలోపు దారి శుభ్రంగా ఉంటే, వాళ్ళ చెయ్యి కాస్త వెనకాడుతుంది. ఒక కాగితం పడి ఉంటే చాలు, దాని పక్కన ఇంకో పది పడతాయి. అక్క దేవుడి గడప ఊడుస్తోంది అని నువ్వు వెక్కిరించేవాడివి. వీపున సంచి, చేతిలో చివర మేకు కొట్టిన కర్ర, కాళ్ళకు స్కీలు. చాక్లెట్ కాగితాలు, నారింజ తొక్కలు, స్కీలకు రాసే మైనపు డబ్బాల మూతలు, తడి తుడుపు గుడ్డలు, కుక్కలు చేసినదాన్ని నల్ల సంచిలో ముడి వేసి కొమ్మకు తగిలించిపోయే మహానుభావుల కానుకలు. కింద పడిన చేతి తొడుగు దొరికితే మాత్రం సంచిలో వెయ్యను. పోగొట్టుకున్నవాళ్ళు వెనక్కి వచ్చి వెతుక్కుంటారని దారి పక్క కొమ్మకు తొడిగి వస్తాను. ఏది చెత్తో ఏది కాదో నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో స్కీ పందెంవాళ్ళు దారి పొడవునా ఎర్ర ప్లాస్టిక్ పట్టీలు పెడతారు. పందెం అయ్యాక సగం తీస్తారు, సగం వదిలేస్తారు. ఏటా వాటిని పీకేది నేనే. ఆ ఏడు మరీ ఎక్కువ. బుధవారం నేను కొండ మీది గుడిసె నుంచి కిందికి వస్తున్నాను. ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది. గట్టు మీది పొదకు ఒకటి రెపరెపలాడుతోంది. పందెంవాళ్ళని మనసులో ఒక మాట అనుకున్నాను, శ్రమల కాలపు ఉపవాస దినాల్లో అనకూడని మాట. చేతి తొడుగులతో ముడి రాలేదు. తొడుగులు తీసి వేళ్ళతో ప్రయత్నించాలంటే చలి. రెమ్మతో సహా విరిచి సంచిలో పడేసి ముందుకు పోయాను.

మలుపులో కొమ్మలు లేవన్న సంగతి నా కంటికి ఆనలేదు. నలభై ఏళ్ళుగా ఆ దారిన నడుస్తున్నాను. దారి తెలిసినవాళ్ళు గుర్తులు చూడరు. ఆ గుర్తు నాకోసం కాదు కనుక నాకు చెత్తలా కనబడింది.

ప్లాస్టిక్ సంచుల్ని బంగాళాదుంపల నేలమాళిగలో పెడతాను. ఎండాకాలం మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడు ఇచ్చేస్తాను. ఆ ఏటి సంచులు నాలుగు, ఎందుకో ఇవ్వలేదు. అలాగే ఉండిపోయాయి.

ఈ ఫిబ్రవరిలో బడి టీచరు తూరీద్ వచ్చింది. మంచు దారుల మీద మనుషులు ఏమేం పారేస్తారో పిల్లలు ప్రదర్శన పెడుతున్నారట. ఒక సంచి ఇవ్వు అక్కా, ఏదైనా సరే, వాళ్ళే వేరుచేసుకుంటారు అంది. సంచిని మంచు మీద జారే చిన్న స్లెడ్జి మీద వేసి లాక్కెళ్ళి ఇచ్చాను. నువ్వూ ఉండి చూడు, పిల్లలకు రెండు ముక్కలు చెప్పు అంది తూరీద్. చెప్పడం నాకు రాదు కాని, ఉన్నాను.

వ్యాయామం గదిలో నేల మీద పాత పత్రికలు పరిచి సంచి బోర్లించారు. ఆ గోల నువ్వు వినాల్సింది. ఈ తుడుపు గుడ్డ మీ అమ్మదే అని ఒకడు, మీ తాతది, ఆయనే చెట్టు చాటుకు పోయేది అని ఇంకొకడు. నల్ల సంచి ఒకటి దొరికితే, విప్పు చూద్దాం అని ఒకడు, నువ్వు విప్పితే నేను ఈ జన్మలో నీ పక్కన కూర్చోను అని ఒకమ్మాయి. తూరీద్ చప్పట్లు కొట్టి కొట్టి ఊరుకుంది.

లీవె కూడా ఆ తరగతే. ఇప్పుడు పదకొండేళ్ళు, నా భుజం దాకా ఎత్తయింది. ఎరుపు రంగువి వేరుచేసే పని ఆ పిల్లకు పడింది. కాసేపటికి నా దగ్గరకు వచ్చి, పెద్దమ్మా, ఇది పందెంవాళ్ళది కాదు అంది. ఎందుకు కాదు అన్నాను. వాళ్ళు పట్టీని కర్రకు పిన్నులతో కొడతారు, ఇది చూడండి, ఎవరో కట్టారు, భలే కట్టారు, పంటితో కూడా రావడం లేదు అంది. పట్టీకి ఎండిన విల్లో రెమ్మ ఉంది. రెమ్మ చుట్టూ నాన్న ముడి ఉంది. రెండు చుట్లు తిప్పి, కొస వెనక్కి తీసి, లోపలికి దూర్చి బిగించేది. నాన్న పడవలకు వేసేవాడు, నీకు నేర్పాడు, నాకూ నేర్పాడు.

నేను అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. ఇది మా తమ్ముడు ఐలిఫ్ కట్టింది అన్నాను.

లీవె ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది. మేం నీళ్ళలో పడినచోటిదా అంది. అవును అన్నాను. మరి ఆ రోజు లేదేం అంది. ముందు రోజు నేను తీసేశాను, చెత్తనుకున్నాను అన్నాను. ఆ పిల్ల పట్టీని నా చేతిలో పెట్టింది. తరువాత, నేనూ చెత్తనుకునేదాన్నేలెండి అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. కాని మా నాన్నకు మీరే చెప్పాలి, నేను చెప్పను అంది.

మర్నాడు వెళ్ళాను. అన్‌ఫిన్ వాకిట్లో కట్టెలు పేరుస్తున్నాడు. లోపలికి రా అక్కా అన్నాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. మొత్తం విన్నాడు. తరువాత నెత్తి గోక్కుని, రెండేళ్ళనుంచీ నీ తమ్ముణ్ణి తిడుతున్నాను, రోజూ పొద్దున మేజోడు వేసుకునేటప్పుడు ఒకసారి లెక్కన, ఇప్పుడు ఆ తిట్లన్నీ నీ పేరుకు మార్చాలంటే నాకు ఓపిక లేదు, కాఫీ తాగు అన్నాడు.

నాకుంది ఓపిక అంది అతని భార్య తోర్డిస్.

ఆమె వదిలిపెట్టలేదు, ఐలిఫ్. వదలకపోవడమే మంచిదయింది. ఆ రోజు పిల్ల బట్టలు గడ్డకట్టి ఒంటికి అతుక్కుపోతే కత్తెర పట్టుకోవడానికి నా చేతులు ఆడలేదు, తెలుసా నీకు అంది. దారి మీద కాగితం ముక్క ఉంటే నీకు ముద్ద దిగదు గాని, సొంత తమ్ముడు ఊరు విడిచిపోతే దిగిందా అంది. నీ శుభ్రం బంగారం కానూ అంది. నేను తల వంచుకుని విన్నాను. అన్‌ఫిన్ మధ్యలో, ఇక చాలు తోర్డిస్ అంటే, నువ్వుండవయ్యా, వేళ్ళు పోయింది నీకు, ప్రాణం పోయింది నాకు అంది.

గుమ్మం దగ్గర నా స్కీల కట్లు నాకు అందలేదు, మోకాలు వంగలేదు. తోర్డిస్ వంగి తనే బిగించింది. లేస్తూ, ఐలిఫ్‌కు రాశావా అని అడిగింది. ఇంకా లేదన్నాను. ముందు రాయాల్సింది అతనికి, మా దగ్గరకు రావడం తేలిక అంది.

నిజమే. కాని తమ్ముడూ, అక్క నిన్ను నమ్ముతోంది అని ఒక్క ముక్క రాస్తే నీకేం ఒరుగుతుంది? పోయింది ఊళ్ళో నీ మాట. అది ఊరిచేతే తిరిగి ఇప్పించి, అప్పుడు రాద్దామనుకున్నాను.

స్వేర్రె దగ్గరకు వెళ్ళాను. పెద్దమనిషి, చేతులు కట్టుకుని విన్నాడు. అదంతా సరేగాని, ఆ ఏటి నివేదిక అచ్చయిపోయింది కదా గున్‌వోర్ అన్నాడు. అందులో ఏముందో నాకు తెలుసు. గుర్తులు పాతే పనిలో బాధ్యుడైన వ్యక్తి నిర్లక్ష్యం అని ఉంది. అచ్చయితే అబద్ధం నిజమవుతుందా స్వేర్రె అన్నాను. కాగితం మీద రాసివ్వు, చూద్దాం అన్నాడు. నోటితో చెబుతాను, వార్షిక సమావేశంలో నాకు రెండు నిమిషాలు ఇవ్వు అన్నాను. కార్యక్రమం ముందే ఖరారయింది, ఎక్కడ ఇరికించను అన్నాడు. వాఫిల్ అట్ల ఫలహారానికి ముందు ఇరికించు, తరువాతైతే ఎవరూ వినరు అన్నాను.

పోయిన గురువారం సమావేశం జరిగింది. నిండుగా వచ్చారు, వాఫిళ్ళ మూలాన. నేను ముందు వరసలోంచి లేచి నాలుగు వాక్యాలు చెప్పాను. పట్టీ చూపించాను. నా గొంతు నాకే వినబడలేదు, కాని వెనక బల్లలవాళ్ళకు వినబడిందట. వంటగదిలో వాఫిల్ పెనం మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది.

అప్పుడు మేకల తారాల్డ్ లేచాడు. ఎనభై దాటాయి, చెవులు వినబడవు, అయినా ఈ ఒక్క సంగతి ఎలా విన్నాడో. అయితే ఆ కుర్రాడు కట్టినట్టే కదా అన్నాడు. అవును తాతా అన్నారు ఎవరో. మరి వాడు పోయినప్పటినుంచీ ఈ కొమ్మలు పాతుతున్న మహాశయుడెవరు, మొన్న పొగమంచులో నేను వాటి వెంటే వెళ్ళాను, తిన్నగా నా మేకల కొట్టంలో తేలాను అన్నాడు. పాతుతున్నది స్వేర్రె. హాలంతా ఒక్కసారి నవ్వింది. స్వేర్రె చెవులు ఎర్రబడ్డాయి. మేకల కొట్టం సరైన చోట లేదు తారాల్డ్, కొమ్మలు సరైన చోటే ఉన్నాయి అన్నాడు, అదీ నవ్వుతూనే. నలభై ఏళ్ళలో అతను వేసిన మొదటి జోకు అది.

నవ్వు ఆగాక అన్‌ఫిన్ చెయ్యెత్తాడు. నివేదికలో ఆ వాక్యం కొట్టెయ్యాలి, ఐలిఫ్‌కు సంఘం తరఫున క్షమాపణ రాయాలి, దెబ్బ తిన్నవాణ్ణి నేనే అడుగుతున్నాను అన్నాడు. చేతులన్నీ లేచాయి. స్వేర్రెది చివర లేచింది, కాని లేచింది. ఆ ఉత్తరం విడిగా వస్తుంది. అధికారికంగా ఉంటుంది, బిర్రుగా ఉంటుంది. దాని కింద సంతకం పెడుతూ స్వేర్రె, ఈ ఏడాది మట్టల ఆదివారం లోపు కొమ్మలు పాతడానికి వస్తాడేమో అడుగు, నేను అడిగితే బాగుండదు అన్నాడు. అడుగుతున్నాను. జవాబు నీ ఇష్టం.

శనివారం నేను దారి మీదకు వెళ్ళాను. రెండేళ్ళ తరువాత. ప్రమాదం అయినప్పటినుంచీ ఆ సరస్సు వైపు సంచి పట్టుకుని పోలేదు, తెలుసా. ఒక్కదాన్నే బయలుదేరుతుంటే అన్‌ఫిన్, లీవె వెంట వచ్చారు. అన్‌ఫిన్ ఎడమ స్కీ కాస్త పక్కకు పోతుంది, దాన్ని ఎప్పటికప్పుడు తిట్టి దారిలోకి తెచ్చుకుంటాడు. ఎండ బాగా కాసింది. మంచు గట్టిపడి కరకరలాడుతోంది. రెండేళ్ళ చెత్త, ఐలిఫ్. మంచు కరిగిన చోటల్లా పొరలు పొరలుగా పైకి వచ్చింది. లీవె మేకు కర్ర నా చేతిలోంచి లాక్కుని, మీరు సంచి పట్టుకోండి చాలు, పొడిచేది నేను అంది. మధ్యాహ్నానికి సంచి నిండింది.

కట్టి ఉన్న వస్తువు ఏది కనబడినా ఇప్పుడు ముట్టుకోను. ఎవరు కట్టారో కనుక్కుని, వాళ్ళ చేతే విప్పిస్తాను. ఆ రోజే పందెంవాళ్ళ నాయకుడికి ఫోను చేశాను. వచ్చే ఏటినుంచి నీలం పట్టీలు వాడతాం, లెక్కపెట్టి తీస్తాం అన్నాడు. చూద్దాం.

వాగు మలుపు దగ్గర ఆగి రొట్టె, మేక జున్ను తిన్నాం. అన్‌ఫిన్ నారింజ ఒలిచి తొక్క వెనక్కి విసిరాడు. నాన్నా అని లీవె అరిచింది. మట్టిలో కలిసిపోతుందే అన్నాడు. ఇంత చలిలో రెండేళ్ళు పడుతుంది, టీచరు చెప్పింది అంది పిల్ల. రెండేళ్ళే కదా, నా కోపానికీ అంతే పట్టింది అని, లేచి కుంటుకుంటూ వెళ్ళి తొక్క ఏరుకొచ్చాడు. నాకు నవ్వొచ్చింది. నేను ఆ దారి మీద నవ్వి ఎన్నాళ్ళయిందో.

తిరిగి వస్తుంటే సరస్సు మీద గాలి లేదు. ఛాతీ మీద ఇన్నాళ్ళూ ఏదో కూర్చుని ఉన్నట్టుండేది. అది దిగిపోయింది. నీకూ అక్కడ అలాగే దిగాలి. పడవలో నలుగురి మధ్య ఉన్నా, మా ఊళ్ళో నా మాట చెల్లదు అనుకుంటూ బతకడం ఎలా ఉంటుందో నేను ఊహించలేదు. ఊహించే ప్రయత్నం కూడా చెయ్యలేదు. అది నా తప్పు.

చేపల కాలం ఏప్రిల్ దాకా ఉంటుందని విన్నాను. యజమాని సెలవివ్వకపోతే రావద్దు. ఇచ్చినా నీకు మనసు రాకపోతే రావద్దు. వస్తే నీ గది వెచ్చగా ఉంటుంది. రాకపోతే కొమ్మలు నేనూ అన్‌ఫిన్ కలిసి పాతుతాం, మలుపు దగ్గర మూడు ఎక్కువే పాతుతాం. నువ్వు నిజం చెప్పావన్నది మాత్రం, నువ్వు వచ్చినా రాకపోయినా ఇక్కడ ఉంటుంది.

ప్రభువు నిన్ను అలల మీద కాపాడుగాక.

నీ మేలు కోరే,
అక్క
గున్‌వోర్

తా.క. బుధవారం ఉదయం. కవరు అంటించి, మళ్ళీ విప్పాను.

పైన రాసినదంతా జరిగిందే. కాని ఒకచోట, ఆ సంచులు ఎందుకో ఇవ్వలేదు అని రాశాను. ఎందుకో నాకు తెలుసు.

రెండేళ్ళ కిందటి సమావేశంలో నువ్వు, నేను కట్టిన ముడి ఊడదు అన్నప్పుడు అందరూ మొహాలు చూసుకున్నారు. నేను చూసుకోలేదు. అది నాన్న ముడి అయితే ఊడదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళం మనిద్దరమే. ఊడనిది పొద మీద లేదంటే ఎవరో చేత్తో తీశారు. బుధవారం ఆ దారిన పట్టీలు పీకుతూ పోయింది ఎవరో నాకు తెలుసు. నేలమాళిగకు ఏడు మెట్లు. అప్పుడే దిగి సంచి విప్పి చూడవచ్చు. దిగలేదు. చూస్తే తెలిసిపోతుందని దిగలేదు. దిగకుండా వంటింట్లోకి వచ్చి, నీకు ఒప్పుకోలు గురించి చెప్పాను.

తూరీద్ ఏదైనా సరే అంది. నాలుగు సంచుల్లో ఆ బుధవారంది ఏదో నాకు గుర్తుంది. ఏరి అదే ఇచ్చాను. నా చేత్తో విప్పలేక పిల్లల చేత విప్పించాను.

ఇది సమావేశంలో చెప్పలేదు. తోర్డిస్‌కూ చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు. ముందు నీకు. వచ్చే ఆదివారం వాళ్ళకూ చెబుతాను.

రెండేళ్ళు ప్రతి పొద్దునా, నా తమ్ముడికి నిజం చెప్పే ధైర్యం ఇవ్వు ప్రభువా అని మోకరించాను. ఇచ్చాడు. అడిగింది నీకు, ఇచ్చింది నాకు.